నాటుకోడి నుంచి తీసిన లాక్టోబాసిల్లస్‌ని ఫ్రీజ్ డ్రై చేస్తుంటే చచ్చిపోతోంది. ఎక్కడ పోతోందో చెప్పగలరా?

రంప_నాటుకోడి

అందరికీ నమస్కారమండి. నేను ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివాను. అనపర్తి దగ్గర ఒక దాణా మిల్లుకి అనుబంధంగా ఉన్న చిన్న ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మొక్కజొన్నలో తేమ, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం, సోయాలో ప్రోటీన్ చూడటం నా రోజువారీ పని. ఇప్పుడు అడగబోయేది ఆ పని గురించి కాదు. రెండేళ్లుగా సాయంత్రాలు, ఆదివారాలు కూర్చుని నేను సొంతంగా చేసుకుంటున్న దాని గురించి.

మా నాన్నగారికి నాలుగు వేల లేయర్ల షెడ్డు ఉండేది. కోడిపిల్లలు దిగిన రోజు నుంచి వారం రోజుల పాటు నీళ్లలో యాంటీబయాటిక్ కలపడం చిన్నప్పటి నుంచి చూశాను. జబ్బు వచ్చిందని కాదు, వస్తుందేమోనన్న భయంతో. మా అమ్మమ్మ వాళ్లది రంపచోడవరం వైపు. ఆవిడ పెంచే నాటుకోళ్లు ఏ మందూ ఎరగవు. పిల్లలు తల్లి వెనకాలే తిరుగుతూ, అది కాళ్లతో గీరిన మట్టిలోంచి ఏరుకుని తింటాయి. హేచరీలో పుట్టిన పిల్లకి ఆ తల్లి లేదు. తల్లి నుంచి రావలసిన బ్యాక్టీరియాని మనం ఇవ్వలేమా అన్నది అప్పటి నుంచీ నా మనసులో ఉన్న మాట.

కిందటేడు సంక్రాంతికి అమ్మమ్మ కోడిని కోసినప్పుడు, మెడ కింద గింజలు నిలిచే సంచిని అడిగి తీసుకున్నాను. థర్మాస్‌లో ఐసుముక్కల మధ్య పెట్టుకుని గోకవరం మీదుగా బస్సులో తెచ్చాను. లాక్టోబాసిల్లస్‌ని పెంచే ఎంఆర్‌ఎస్ అగార్ అనే మేత మీద వచ్చిన కాలనీల్లో ఒకటి ఆమ్లాన్నీ పైత్యరసాన్నీ బాగా తట్టుకుంది. జన్యువుని బట్టి జాతిని గుర్తించే 16ఎస్ సీక్వెన్సింగ్‌కి పంపిస్తే లాక్టోబాసిల్లస్ రూటెరీ అని తేలింది. 2020లో ఈ జాతి పేరు లిమోసిలాక్టోబాసిల్లస్‌గా మారింది గానీ నాకు పాత పేరే నోటికి అలవాటు.

దీన్ని ఫ్రీజ్ డ్రై చేసి, అంటే గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఎండబెట్టి, పొడిగా దాచుకుందామంటే నా వల్ల కావడం లేదు. 37 డిగ్రీల దగ్గర 8 గంటలు పెంచి, చురుగ్గా ఎదుగుతున్నప్పుడే తీస్తే గట్టిగా ఉంటాయని, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కిందకి దించాను. 20 శాతం గ్లిజరాల్‌లో కలిపాను. 15 ఎం.ఎల్. ట్యూబుల్లో 8 ఎం.ఎల్. చొప్పున పోసి, మా ల్యాబ్ డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 దగ్గర రాత్రంతా ఉంచాను. ఫ్రీజ్ డ్రైయర్ మా దగ్గర లేదు. దగ్గర్లోని ఒక కాలేజీలో రోజుకింతని కట్టి వాడుకుంటాను. ఐస్ బాక్సులో పెట్టుకుని ఆటోలో ఇరవై నిమిషాల దారి. మొదటిసారి అక్కడ మిషను చల్లబడేదాకా రెండు గంటలు ఆగాల్సి వచ్చింది. వాక్యూమ్ పెట్టగానే ట్యూబుల్లో నురగ పొంగింది. రెండు రోజులు ఆడినా పొడి కాలేదు, పాకం లాంటి జిగురు మిగిలింది. మొదలుపెట్టినప్పుడు ఎం.ఎల్.కి 200 కోట్లు ఉన్న బతికున్న కణాల లెక్క 4 లక్షలకి పడిపోయింది.

రెండోసారి గ్లిజరాల్ మానేసి 10 శాతం స్కిమ్ మిల్క్ (వెన్న తీసిన పాలు) వాడాను. ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెడితే పాలు కాఫీ రంగుకి తిరిగాయి. అయినా వాడాను. ఈసారి పైన పొడిగానే వచ్చింది, అడుగున మాత్రం కాస్త కుంగింది. ఫ్రిజ్‌లోని చల్లటి సెలైన్ పోసి లెక్కపెడితే 3 కోట్లు వచ్చింది. సంతోషపడి జిప్ కవర్లో వేసి బీరువాలో పెట్టాను. ఆరు వారాల తర్వాత తీసి చూస్తే 20 వేలు.

మైనస్ 20 దగ్గర పెట్టడమే తప్పా? ఎండేటప్పుడు కణాల్ని కాపాడే ట్రెహలోజ్ అనే చక్కెర లేకపోతే కుదరదా? దాని ధర చూస్తే నా జీతంలో ఆలోచించాల్సిన సంగతే. కల్చర్ ఇంకా బతికే ఉంది, ప్రతి వారం కొత్త ఎంఆర్‌ఎస్‌లోకి మారుస్తున్నాను. కానీ ఇలా మార్చుకుంటూ పోతే అది అమ్మమ్మ కోడిలో ఉన్న బ్యాక్టీరియాగా ఎన్నాళ్లు మిగులుతుందో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం_చెరువుగట్టు

మేడం గారూ, మీరు పడుతున్న కష్టం అర్థమైంది. నేను ఆక్వా ల్యాబ్ నడుపుతున్నాను. రొయ్యల చెరువులకి వాడేది ఎక్కువగా బాసిల్లస్ రకాలే. సబ్టిలిస్, లైకెనిఫార్మిస్ లాంటివి. అవి స్పోర్ కడతాయి. స్పోర్ అంటే విత్తనం లాంటిది, ఎండబెట్టినా, వేడి తగిలినా తట్టుకుంటుంది. మా దగ్గర సంచి షెడ్డులో మే నెలంతా ఉన్నా పనిచేస్తుంది. బెల్లం, తవుడు నీళ్లలో వేసి రాత్రంతా గాలి కొట్టిస్తే తెల్లారేసరికి లేచి కూర్చుంటుంది. ఫ్రీజ్ డ్రైయర్లూ మైనస్ 80లూ అక్కర్లేదు.

లాక్టోబాసిల్లస్‌కి ఆ కవచం లేదు. గుళికల్లా చేసే పెల్లెట్ దాణా తయారీలో ఆవిరి పట్టే చోట 80 డిగ్రీల దాకా వెళ్తుంది, అక్కడే పోతుంది. మీ కోళ్లకి కూడా బాసిల్లస్ ప్రయత్నించకూడదా? డబ్బూ కలిసొస్తుంది, ఇంత టెన్షనూ ఉండదు.

రంప_నాటుకోడి

ధన్యవాదాలండి. మీరన్నది నిజమే, బాసిల్లస్ పొడులు మా మిల్లుకీ వస్తాయి. కానీ బాసిల్లస్ కోడిపిల్ల పేగులో కొన్నాళ్లు ఉండి వెళ్లిపోయే చుట్టం లాంటిది. రూటెరీ కోడి గింజల సంచి గోడకి అంటుకుని అక్కడే కాపురం ఉంటుంది. నాకు కావలసింది ఆ కాపురం ఉండేదే. మా వైపు లేయర్లకి ఎక్కువగా పిండిలా ఉండే మాష్ దాణానే కాబట్టి పెల్లెట్ వేడి గొడవ నాకు లేదు. నీళ్లలో ఇవ్వాలన్నది నా ఆలోచన.

పాత_వ్యాక్సిన్_గది

అమ్మా, నేను 31 ఏళ్లు పశువుల వ్యాక్సిన్ తయారీలో డ్రైయింగ్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను. కోళ్లకి వేసే రాణిఖేత్ వ్యాక్సిన్ వయల్ అడుగున ఒక చిన్న బిళ్ల కనిపిస్తుంది కదా, అలాంటివి లక్షలు మా చేతుల మీదుగా వెళ్లాయి. మా దాంట్లో ఉండేది వైరస్, మీది బ్యాక్టీరియా. అయినా చాలా సంగతులు ఒకటే. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ బ్యాక్టీరియా ఒకే చోట చావడం లేదు. నాలుగైదు చోట్ల చస్తోంది, మీరు మాత్రం చివర ఒక్కసారే లెక్కపెడుతున్నారు. అందుకే ఎక్కడ పోతోందో తెలియడం లేదు.

ముందు గ్లిజరాల్ సంగతి. గడ్డకట్టించడం ఒక గండం, ఎండబెట్టడం ఇంకో గండం. మొదటిదానికి పనికొచ్చే మందు రెండోదానికి విషమవుతుంది. గ్లిజరాల్ గడ్డకట్టించడానికి మాత్రమే. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు గ్లిజరాల్ కలిపితే వీర్యకణాలు అతిశీతలంలో బతుకుతాయని బయటపెట్టారు. వాళ్లు చూసింది కోడిపుంజు వీర్యకణాల్లోనే. ఇవాళ మన పశువుల ఆసుపత్రుల్లో మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ క్యాన్లలో సెమెన్ స్ట్రాలు ఉంటున్నాయంటే దాని పుణ్యమే. కానీ గ్లిజరాల్ వాక్యూమ్‌లో ఎగిరిపోదు. నీళ్లు పోయినా అది మిగిలి పాకంలా అంటుకుని ఉంటుంది. పైగా అది కలిసిన ద్రావణం పూర్తిగా గట్టిపడాలంటే మైనస్ 60 కంటే కిందకి పోవాలి, ఆ మిషన్లో అది జరిగే పని కాదు. మీరు రెండు రోజులు కాదు, పది రోజులు ఆడించినా పొడి రాదు.

ఇంకోటి మీకే ప్రత్యేకం. రూటెరీలో చాలా స్ట్రెయిన్లు (ఉపరకాలు) గ్లిజరాల్‌ని రూటెరిన్ అనే పదార్థంగా మారుస్తాయి. అది ఇతర సూక్ష్మజీవుల్ని చంపడానికి రూటెరీ తయారుచేసుకునే ఆయుధం, మోతాదు మించితే సొంత కణాలకీ ముప్పే. కరిగిపోతున్న ట్యూబుల్లో గ్లిజరాల్‌తో పాటు వాటిని రెండు గంటలు కూర్చోబెట్టారు. ఇకమీదట గ్లిజరాల్‌ని మైనస్ 80లో దాచే స్టాక్‌కి మాత్రమే వాడండి, కలిపిన వెంటనే గడ్డకట్టించండి. ఆ స్టాక్ ఈ వారమే చేసేయండి. వారం వారం మార్చడం ఆపండి, అలా మారుస్తూ పోతే అది ఎంఆర్‌ఎస్ సీసాకి అలవాటుపడి కోడిని మర్చిపోతుందన్న మీ భయం న్యాయమైనదే.

ఇక మైనస్ 20. నీళ్లు గడ్డకట్టేటప్పుడు శుద్ధమైన నీరు ముందు మంచవుతుంది. ఉప్పులూ ఆమ్లమూ మిగిలిన కొంచెం ద్రవంలో చిక్కబడతాయి. నెమ్మదిగా గడ్డకడితే కణం ఆ చిక్కటి ఉప్పునీళ్లలో గంటల తరబడి నానుతుంది. పంచదార, పాలు కలిపిన ద్రావణం మైనస్ 20 దగ్గర రాయిలా కనపడుతుంది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. పంచదార ద్రావణం నిజంగా గాజులా బిగుసుకోవాలంటే మైనస్ 32 దాటాలి. దానికి తోడు ఆటో ప్రయాణం. వాక్యూమ్ పెట్టగానే నురగ వచ్చిందంటే లోపల ద్రవం ఉన్నట్టే. ఆ కాలేజీలో మైనస్ 80 ఫ్రీజర్ ఉంటుంది, అడగండి. కల్చర్ని అక్కడికే తీసుకెళ్లి, అక్కడే వయల్స్‌లో పోసి, అక్కడే గడ్డకట్టించండి.

ఎండడం ఎలా జరుగుతుందో కళ్లకి కట్టాలంటే హారతి కర్పూరం డబ్బా మూత తీసిపెట్టండి. కరక్కుండానే తరిగిపోతుంది. మంచు కూడా 6 మిల్లీబార్ల కంటే తక్కువ ఒత్తిడిలో అలాగే నేరుగా ఆవిరవుతుంది. మనం 0.1 మిల్లీబార్ దగ్గర నడుపుతాం, అప్పుడు మంచు మైనస్ 40 చుట్టుపక్కల ఉంటుంది. ఆవిరి లోతులోంచి పైకి రావాలి కాబట్టి మందం ముఖ్యం. 15 ఎం.ఎల్. ట్యూబులో 8 ఎం.ఎల్. అంటే బావిలోంచి నీళ్లు తోడినట్టే. అడుగు కుంగింది అందుకే. 10 ఎం.ఎల్. వయల్లో 2 ఎం.ఎల్. పోయండి, సెంటీమీటరు ఎత్తు దాటకూడదు. మిషను వేసే ముందు వాక్యూమ్ పంపు ఆయిల్ చూడండి. పాలలా తెల్లబడితే అందులోకి నీళ్లు చేరాయన్నమాట, మార్పించండి. అద్దె మిషన్లలో ఈ ఆయిల్‌ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ట్రెహలోజ్ మంచిదే, కానీ ముందు పంచదారతో చేయండి. ల్యాబ్ గ్రేడు సుక్రోజ్ 5 నుంచి 10 శాతం, స్కిమ్ మిల్క్ 10 శాతం. నీళ్లు వెళ్లిపోయిన చోట ఈ చక్కెర కణం పొర మీద నీటి స్థానంలో నిలబడుతుంది, చుట్టూ గాజులా బిగుసుకుంటుంది. కావాలంటే ఒక శాతం సోడియం గ్లుటమేట్ చేర్చండి, టేస్టింగ్ సాల్ట్ అంటారే, అదే. గ్లూకోజ్ మాత్రం వద్దు, నిలవలో పాల ప్రోటీన్‌తో కలిసి గోధుమరంగుకి తిరుగుతుంది. మీ ఆటోక్లేవ్‌లో పాలు కాఫీ రంగయ్యాయన్నారు, అదీ ఈ గొడవే. స్కిమ్ మిల్క్‌ని 110 డిగ్రీల దగ్గర పది నిమిషాలు చాలు, సుక్రోజ్‌ని విడిగా ఫిల్టర్ చేసి కలపండి.

ఎనిమిది గంటలకే తీయడం కూడా పొరపాటే అమ్మా. జోరుగా ఎదిగే కణం పసిపిల్ల లాంటిది. ఎదుగుదల ఆగి, తిండి తగ్గి, ఆమ్లం పెరిగి, ఆ కష్టానికి అలవాటుపడ్డ కణమే గడ్డకట్టడాన్నీ ఎండడాన్నీ ఓర్చుకుంటుంది. 16 నుంచి 18 గంటలు ఉంచండి. తర్వాత ఒకసారి కడిగి ఆమ్లం వదిలించండి, లేకపోతే పాలు విరిగిపోతాయి.

లెక్కపెట్టేటప్పుడు చల్లటి సెలైన్ పోశానన్నారు. ఎండిన కణం పొర చలిలో బిగుసుకుని ఉంటుంది, అప్పుడు నీళ్లు తగిలితే చిరుగులు పడి లోపలిది కారిపోతుంది. బతికున్నవాటిని కూడా మీరే చంపి లెక్కపెట్టి ఉంటారు. ఎండడంలో ఎంత నీళ్లు పోయాయో అంతే కొలత స్కిమ్ మిల్క్, 30 డిగ్రీల దగ్గర, పావుగంట కదపకుండా ఉంచి అప్పుడు డైల్యూషన్లు వేయండి. ప్లేటు కూడా మామూలు ఎంఆర్‌ఎస్. పైత్యరసం కలిపింది వద్దు, దెబ్బతిన్న కణం దాని మీద లేవలేదు.

జిప్ కవరు నీటి ఆవిరిని ఆపదు. గోదావరి జిల్లాల గాలిలో అది వారంలో తేమ పీల్చేస్తుంది. పొడిలో తేమ 4 శాతం దాటనివ్వకూడదు. పూర్తిగా ఎండగట్టేయడమూ మంచిది కాదు, ఒక శాతం కంటే తగ్గితే గాలి తగిలినప్పుడు పొరలోని కొవ్వు పాడవుతుంది. మేం వాక్యూమ్‌లోనే రబ్బరు మూత దించేవాళ్లం. అంతకుముందు రోజుల్లో గాజు ఆంపూల్‌ని మంట మీద కరిగించి మూసి, చీకటి గదిలో స్పార్క్ టెస్టర్ పట్టేవాళ్లం. వాక్యూమ్ నిలిచి ఉంటే ఆంపూల్ లోపల ఊదారంగు వెలుగు పూసేది. వెలగనిది పక్కన పడేసేవాళ్లం. ఇప్పటికీ ఆ రంగు కళ్ల ముందుంది. మీకు అవి దొరకవు కాబట్టి నైట్రోజన్ నింపి రబ్బరు మూత, పైన అల్యూమినియం సీల్, ఆపైన రేకు కవరు, లోపల సిలికా జెల్. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెట్టండి, బీరువాలో కాదు.

ప్రతి మెట్టు తర్వాత ఒక ప్లేటు వేయండి. కడిగాక, గడ్డకట్టించి కరిగించాక, ఎండాక, వారం వారం. అప్పుడు వచ్చి మళ్లీ రాయండి.

తణుకు_లేయర్స్

పెద్దాయన చెప్పింది చదువుతుంటే ఆనందంగా ఉంది. అమ్మాయ్, నువ్వు ఎంత బాగా పొడి చేసినా షెడ్డులో పోయేదాని గురించి నేను చెప్తాను. మా ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ పడుతుంది. రాణిఖేత్‌కి వేసే లసోటా వ్యాక్సిన్ నీళ్లలో ఇచ్చే రోజు మేం లీటరుకి 2.5 గ్రాముల పాలపొడి ముందే కలిపి, క్లోరిన్ విరిగాక వ్యాక్సిన్ వేస్తాం. నీ బ్యాక్టీరియాకీ అదే చెయ్యి, వాటికి తిండి కూడా అవుతుంది. నీళ్లలో కాపర్ సల్ఫేటు, యాసిడిఫయర్ వాడే రోజుల్లో మాత్రం ఇవ్వకు.

దాణాలో కలపాలనిపిస్తే విటమిన్లు, ఖనిజాలు ఉండే ప్రీమిక్స్‌లో వేయకు. కోలిన్ క్లోరైడ్ ఉన్న ప్రీమిక్స్ సంచి విప్పి ఉంచితే రెండు రోజుల్లో చెమ్మగిల్లుతుంది. నేను ఒకసారి ఖరీదైన ప్రోబయోటిక్ పొడిని అందులో కలిపి నెలరోజులు వాడాను. తర్వాత పరీక్ష చేయిస్తే అందులో బతికున్నది దాదాపు లేదు. ఆ నెల కోడిపిల్లలకి నేను ఇచ్చింది ఖరీదైన పాలపొడి మాత్రమే.

పల్నాడు_పశువైద్యం

మేడం, మీ ఆలోచనకి గట్టి పునాది ఉంది. ఫిన్లండ్‌లో బ్రాయిలర్లలో సాల్మొనెల్లా విజృంభించాక, వయసొచ్చిన కోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాని ఒక్కరోజు పిల్లలకి పట్టిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయిందని 1973లో నుర్మి, రంటాలా చూపించారు. తల్లికోడి చేసే పనిని సీసాతో చేయడమే అది. యూరప్ 2006 నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ వాడకాన్ని ఆపేసింది. మన దేశం 2019లో కోళ్లకీ పశువులకీ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. కాబట్టి మీ పని అవసరమైన పనే.

ఒక్క జాగ్రత్త. ఫ్రీజ్ డ్రై చేశారంటే ఆ బ్యాక్టీరియాలో ఏమున్నా ఏళ్ల తరబడి భద్రం చేసినట్టే, మంచైనా చెడైనా. మనుషులకి వాడే రూటెరీ ఏటీసీసీ 55730 అనే స్ట్రెయిన్‌లో టెట్రాసైక్లిన్, లింకోమైసిన్ మందుల్ని తట్టుకునే జన్యువులు మోస్తున్న రెండు ప్లాస్మిడ్లు కనపడ్డాయి. వాటిని తీసేసి డీఎస్ఎం 17938 అనే స్ట్రెయిన్ చేశారు. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే సరుకు. అమ్మమ్మ గారి కోళ్లు మందు ఎరగవన్నారు, అది మంచి సూచనే, కానీ పరీక్షకి బదులు కాదు. కోడిపిల్లలకి ఇచ్చే ముందు యాంటీబయాటిక్ సెన్సిటివిటీ (ఏ మందుకి లొంగుతుందో), రక్తం అగార్ మీద హీమోలిసిస్ (రక్తకణాల్ని పగలగొడుతుందా), పొడిలో సాల్మొనెల్లా, ఈ మూడూ తప్పకుండా చూడండి. తర్వాత యాభై పిల్లలకి ఇచ్చి, యాభైకి ఇవ్వకుండా, రెండింటినీ ఒకే షెడ్డులో కాకుండా విడిగా పెంచండి. ఒకే లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) మీద తిరిగితే రెండు వైపులా ఒకటే బ్యాక్టీరియా అవుతుంది.

స్ట్రెయిన్ నిలబడితే ఒక నకలు చండీగఢ్‌లో సూక్ష్మజీవుల్ని భద్రపరిచే ఎంటీసీసీ కల్చర్ కలెక్షన్‌లో డిపాజిట్ చేయండి. కరెంటు పోయినా, ఉద్యోగం మారినా అది ఉంటుంది.

రంప_నాటుకోడి (ఏడు వారాల తర్వాత)

అందరికీ నమస్కారం. ఆలస్యానికి క్షమించండి, చెప్పడానికి లెక్కలు చేతిలో ఉండాలని ఆగాను.

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టు ముందు స్టాక్ చేశాను. 18 గంటల కల్చర్, 20 శాతం గ్లిజరాల్, పది చిన్న వయల్స్, కలిపిన ఐదు నిమిషాల్లో మైనస్ 80. కాలేజీలో ల్యాబ్ మేడం ఒక అర ఖాళీ చేసి ఇచ్చారు. ఆ రాత్రి నేను ప్రశాంతంగా పడుకున్నాను.

తర్వాత కల్చర్‌ని కాలేజీకే తీసుకెళ్లాను. పంపు ఆయిల్ మీరన్నట్టే పాలలా ఉంది. వాళ్లే మార్పించారు. సుక్రోజ్ 8, స్కిమ్ మిల్క్ 10 శాతం, వయల్‌కి 2 ఎం.ఎల్., రాత్రంతా మైనస్ 80. మర్నాడు వాక్యూమ్ పెట్టినప్పుడు ట్రే దగ్గరే నిలబడ్డాను, ఒక్క బుడగ రాలేదు. 30 గంటల తర్వాత తీస్తే బిళ్లలు తెల్లగా, వయల్ ఆకారంలోనే నిలబడి ఉన్నాయి. తలకిందులు చేస్తే టక్కుమని కదిలాయి.

లెక్కలు ఎం.ఎల్.కి ఇలా వచ్చాయి. కడిగి పాలల్లో కలిపాక 150 కోట్లు. గడ్డకట్టించి కరిగించాక 120 కోట్లు. ఎండాక, మీరు చెప్పినట్టు 30 డిగ్రీల స్కిమ్ మిల్క్‌తో లేపితే 60 కోట్లు. అదే బ్యాచ్ వయల్‌ని పాత అలవాటు ప్రకారం చల్లటి సెలైన్‌తో లేపి చూశాను, 22 కోట్లే వచ్చాయి. అంటే ఇదివరకు నేను చూసిన 3 కోట్లలో కూడా నా చేతి తప్పు ఎంతో ఉందన్నమాట. ఆ ప్లేట్లు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను.

నిలవ మూడు రకాలుగా పెట్టాను. రేకు కవర్లో, నైట్రోజన్ కింద, ఫ్రిజ్‌లో ఉంచినవి నాలుగు వారాలకి 50 కోట్లు. అవే రేకు కవర్లో గది వేడిలో ఉంచితే 8 కోట్లు. పోలిక కోసం మూత తీసి జిప్ కవర్లో వేసినవి లక్ష లోపే, బిళ్ల ముడుచుకుపోయి వయల్ గోడకి అంటుకుంది. తేమ చూశాను, ఫ్రిజ్‌వి 3 శాతం, జిప్ కవర్‌వి 11. మా ల్యాబ్‌లో మొక్కజొన్నకి తేమ చూసే ఓవెన్‌లోనే, 105 డిగ్రీల దగ్గర, మిల్లీగ్రాముల త్రాసుతో.

ట్రెహలోజ్ కొనలేదు. పంచదారతో ఇంత వచ్చాక ఇప్పుడప్పుడే అవసరం లేదనిపించింది.

పల్నాడు డాక్టర్ గారూ, సెన్సిటివిటీ వేశాను. ఆంపిసిలిన్, ఎరిత్రోమైసిన్, లింకోమైసిన్ డిస్కుల చుట్టూ బ్యాక్టీరియా పెరగక బాగా క్లియర్ అయింది. టెట్రాసైక్లిన్ డిస్కు చుట్టూ మాత్రం తక్కువ వచ్చింది. వాంకోమైసిన్‌కి అసలు లొంగలేదు, రూటెరీకి అది పుట్టుకతో వచ్చిన గుణమని చదివాను కాబట్టి దానికి భయపడలేదు. టెట్రాసైక్లిన్ సంగతి తేలేవరకు ఒక్క పిల్లకి కూడా ఇవ్వను. ప్లాస్మిడ్ మీద ఉందో లేదో చూడటానికి జీనోమ్ సీక్వెన్సింగ్‌కి పంపించాలి, దానికి డబ్బు కూడబెడుతున్నాను. ఒకవేళ ఉందని తేలితే ఈ స్ట్రెయిన్‌ని పక్కన పెట్టి మళ్లీ అమ్మమ్మ ఊరు వెళ్తాను. ఈసారి ఐదారు ఇళ్ల కోళ్ల నుంచి తీసుకుంటాను, ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోను.

తణుకు బాబాయ్ గారూ, మీ పాలపొడి లెక్క మా బోరు నీళ్లకి బ్లీచింగ్ కలిపి పరీక్షించాను. పాలపొడి లేని నీళ్లలో అరగంటకి వందలో ఒకటి మిగిలింది. పాలపొడి వేసి పది నిమిషాలు ఆగి కలిపిన నీళ్లలో రెండు గంటలైనా లెక్క తగ్గలేదు.

పాత_వ్యాక్సిన్_గది

చాలా సంతోషం అమ్మా. గడ్డకట్టడంలో ఐదో వంతు, ఎండడంలో సగం పోతున్నాయి. ఇక పని చేయాల్సింది ఎండడం దగ్గరే. గ్లుటమేట్ ఒక శాతం వేసి ఒక బ్యాచ్, వేయకుండా ఒక బ్యాచ్, ఒకే రోజు ఒకే ట్రేలో పెట్టండి. రెండోది, చివరి దశలో ట్రే వేడి 25 దాటనివ్వకండి, తొందరపడి 35కి పెంచితే పొడి త్వరగా వస్తుంది గానీ లెక్క పడిపోతుంది.

స్టాక్ పది వయల్సూ ఒకే ఫ్రీజర్లో ఉంచకండి. ఐదు తెచ్చి ఇంకో చోట పెట్టండి. మాకు ఒక వేసవిలో కంప్రెసర్ కాలిపోయి రాత్రికి రాత్రి ఒక అర మొత్తం కరిగింది. పక్క బిల్డింగ్‌లో నకళ్లు ఉండబట్టి వ్యాక్సిన్‌కి మూలమైన ఆ సీడ్ వైరస్ మిగిలింది.

ఫ్రిజ్‌లో పెట్టినవాటిలో ఆరు వయల్స్ మీద తేదీ రాసి వేరే డబ్బాలో వేయండి. నెలకొకటి మాత్రమే తెరవండి. మే నెల దాటాక వచ్చిన లెక్క ఇక్కడ రాయండి, నేను చూస్తూ ఉంటాను.